మాటలు చాలని ప్రార్థన
(అంధ గాయకుడు విల్లీ జాన్సన్ జీవితము)

గెత్సేమనే తోటలో మన ప్రభువు ప్రార్థించిన రాత్రిని గూర్చి క్రైస్తవ లోకములో ఎన్నో కీర్తనలు పుట్టినవి. వాటన్నిటిలో ఒక్క మాటయైనను లేని కీర్తన ఒకటి కలదు. అది 1927వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన అమెరికా దేశములోని డల్లాస్ పట్టణములో గ్రామఫోను రికార్డుగా తీయబడెను. పాడినవాడును గిటారు వాయించినవాడును ఒక్కడే. ఆయన నల్లజాతివాడు, బీదవాడు, రెండు కన్నులును లేనివాడు. వీధి మూలలలో పాడి, దారిన పోవువారు వేసిన చిల్లర డబ్బులతో బ్రదికినవాడు. పేరు విల్లీ జాన్సన్. రికార్డులమీద మాత్రము బ్లైండ్ విల్లీ జాన్సన్, అనగా గ్రుడ్డి విల్లీ జాన్సన్ అని అచ్చు వేసిరి. ఈ మాసము ఆయన జీవితమును, ఆయన తన గిటారును శ్రుతి చేసికొనిన విధమును కలిపి ధ్యానింతము. సంఘ పత్రికలో గిటారు శ్రుతి సంగతి యెందుకని కొందరు అనుకొనవచ్చును. ఆ శ్రుతి తెలిసిననేగాని ఆయన ప్రార్థన యెట్టిదో మనకు బోధపడదు.

ఆయన 1897 జనవరి 25న టెక్సాస్ రాష్ట్రములోని పెండిల్టన్ అను చిన్న ఊరిలో జన్మించెను. ఆ ఊరు టెంపుల్ పట్టణమునకు సమీపమున నున్నది. ఆయన బాల్యము ఎక్కువగా మార్లిన్ అను ఊరిలో గడచెను. అది ప్రత్తి పండు దేశము. బానిసత్వము చట్టప్రకారము తొలగి మూడు దశాబ్దములు దాటినను, నల్లజాతివారి బ్రదుకు ప్రత్తిచేలలో కూలిగానో కౌలుగానో గడచుచుండెను. విల్లీ పసితనములోనే తల్లి మరణించెను. తండ్రి మరల వివాహము చేసికొనెను. అయిదేండ్ల ప్రాయములోనే ఆ బాలుడు తాను బోధకుడు కావలెనని తండ్రితో చెప్పెననియు, తండ్రి చుట్టల పెట్టెతో ఒక చిన్న గిటారు చేసి యిచ్చెననియు ఆయన భార్య ఏంజెలైన్ తరువాతి కాలమున చెప్పినది.

చూపు పోయిన సంగతియు ఆమెయే చెప్పినది. విల్లీకి సుమారు ఏడేండ్లు. తండ్రికిని సవతి తల్లికిని గొప్ప కలహము జరిగెను. ఆమె కోపముతో క్షారపు నీళ్లు తీసికొని పిల్లవాని ముఖముమీద చల్లెను. క్షారమనగా సబ్బు కాచుటకు వాడు ఘాటైన పదార్థము; కంటిలో పడిన చూపును కాల్చివేయును. పెద్దవారి తగవునకు పిల్లవాని కన్నులు బలియైనవి.

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న మనకు తెలిసినదే. వాడు పాపము చేసెనా, వాని కన్నవారు చేసిరా అని వారు ఆరా తీసిరి. ప్రభువు ఆ లెక్క ఒప్పుకొనలేదు. విల్లీ జాన్సన్ విషయములో పాపము చేసినవారెవరో మనకు తెలిసియే యున్నది. కాబట్టి ఆ వాక్యము ఇక్కడ వర్తింపదని తోచవచ్చును. నేను అట్లు తలంచను. ఎవరు చేసిరను ప్రశ్నకు జవాబు దొరికినంత మాత్రమున చీకటిలో కూర్చున్న పిల్లవానికి ఏమి లాభము? ప్రభువు చూపు నేరస్థునివైపు గాక గ్రుడ్డివానివైపే యుండెను. మనము సాధారణముగా కథలోని సవతి తల్లిని తిట్టి ముందునకు పోవుదుము.

చూపులేని నల్లజాతి బాలునికి ఆ దినములలో బ్రదుకుతెరువులు మిక్కిలి కొద్ది. పాట ఒకటి, బోధ ఒకటి. విల్లీ రెండును పట్టుకొనెను. హెర్న్ అను ఊరిలో ప్రత్తి తీయు కాలమున కూలీల చేతిలో డబ్బు ఆడునప్పుడు, ఆయన వీధి మూలను నిలుచుండి పాడుచుండెను. గిటారుకు ఒక రేకు కప్పు కట్టుకొనుట అట్టి గాయకుల వాడుక. పాట నచ్చినవారు అందులో నాణెము వేయుదురు. ఆ ప్రాంతమున మాడ్కిన్ బట్లర్ అను అంధ బోధకుడు పాటలతో సువార్త చెప్పుచుండెను. జాన్సన్ గాత్రముమీద ఆయన ప్రభావము చాల కలదని చెప్పుదురు. అదే వీధులలో బ్లైండ్ లెమన్ జెఫర్సన్ అను మరియొక అంధ గాయకుడును పాడుచుండెడివాడు. ఆయన పాటలు ఎక్కువగా లౌకికమైనవి, వాటికి గిరాకి యెక్కువ. జాన్సన్ ఆ త్రోవ పట్టలేదు. ఆయన రికార్డుచేసిన 30 పాటలలో ఒక్కటియు లౌకికమైనది కాదు. కప్పులో పడు నాణెములమీద ఆధారపడి బ్రదుకువానికి ఇది చిన్న తీర్మానము కాదు.

ఇక శ్రుతి సంగతి చెప్పవలెను. గిటారునకు ఆరు తీగెలు. మామూలుగా వాటిని లావు తీగె మొదలు సన్న తీగె వరకు ఇ, ఏ, డి, జి, బి, ఇ అను స్వరములకు బిగింతురు. ఈ శ్రుతిలో చేయి వేయకుండ వట్టి తీగెలను ఒక్కసారి మీటిన పొందికైన నాదము రాదు. ఎడమచేతి వ్రేళ్లతో మెట్లమధ్య నొక్కిననే స్వరములు కలియును. జాన్సన్ తన ముఖ్యమైన పాటలకు ఈ శ్రుతిని విడిచిపెట్టెను. లావుగానున్న ఆరవ తీగెను, సన్నని మొదటి తీగెను, దాని ప్రక్కనున్న రెండవ తీగెను ఒక్కొక్క పూర్తి స్వరము చొప్పున దించెను. మూడవ తీగెను అర స్వరము దించెను. నాలుగవ, అయిదవ తీగెలను ఉన్నట్లే యుంచెను. అప్పుడు వచ్చినది డి, ఏ, డి, ఎఫ్ షార్ప్, ఏ, డి. డి అను స్వరమును షడ్జమముగా పెట్టుకొనిన, మన సంగీతపు మాటలలో అది స, ప, స, గ, ప, స. ఆ గాంధారము శంకరాభరణములోని అంతర గాంధారమే.

తంబురా యెదుట కూర్చున్న యెవరికైనను దీని రుచి వెంటనే తెలియును. వట్టి తీగెలు మీటిన చాలును, ఆధార శ్రుతి నిండుగా పలుకును. ఎవరును నొక్కనక్కరలేదు. వాద్యము తనంతట తానే ఒక మాటమీద నిలిచి యుండును. ఇంకొక సంగతి గమనింపదగినది: ఈ మార్పులో ఒక్క తీగెనైనను బిగింపలేదు. నాలుగింటిని సడలించెను, రెండింటిని అట్లే విడిచెను. సాధారణముగా వాద్యము బాగుగా పలుకవలెనన్న మనము బిరడా బిగించుటకే చూతుము.

ఈ శ్రుతిని జాన్సన్ కనిపెట్టలేదు. 19వ శతాబ్దపు మధ్యకాలమున హెన్రీ వర్రల్ అను గిటారు గురువు సెబాస్టపోల్ అను వాద్యకృతిని ఈ శ్రుతికి కూర్చి అచ్చు వేయించెను. దానిని మధ్యతరగతి ఇండ్లలోని ఆడపిల్లలు నేర్చుకొనుచుండిరి. ఆ పేరు నల్లజాతి వాద్యకారుల నోట నలిగి వెస్టాపోల్ అయినది. ఆ శ్రుతికే పేరుగా నిలిచిపోయినది. హవాయి ద్వీపములవారు గిటారును ఒడిలో పెట్టుకొని, ఉక్కు ముక్కను తీగెలమీద జార్చి వాయించు పద్ధతిని 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో అమెరికా అంతట చూపించిరి. దక్షిణ రాష్ట్రముల బీదలు దానికి ముందే సీసా మెడనో చాకునో తీగెపై జార్చుట ఎరుగుదురు. గోడకు ఒంటి తీగె బిగించి, దానిమీద సీసా జార్చి పలికించుట అక్కడి పిల్లల ఆట. ఈ త్రోవలన్నియు వచ్చి జాన్సన్ చేతిలో కలిసినవి.

జారుడు వాద్యమునకు ఈ శ్రుతి యేల కుదిరెననగా, గట్టి వస్తువును ఆరు తీగెలమీద అడ్డముగా నుంచిన, అది ఎక్కడ నున్నను తీగెలన్నియు ఒకే పొందికలో మోగును. అయిదవ మెట్టు యెదుట నుంచిన మధ్యమపు మేళము, ఏడవ మెట్టు యెదుట పంచమపు మేళము, పండ్రెండవ మెట్టు యెదుట పై షడ్జమము. మెట్టును నొక్కనక్కరలేదు గనుక మెట్టుకును మెట్టుకును మధ్యనున్న సూక్ష్మ స్వరములును దొరకును. మన గాయకులు గమకమని దేనిని అందురో అది ఇక్కడ పుట్టును. మన గోటువాద్యమును కొయ్య ముక్కతో జార్చి వాయించుట చూచినవారికి ఇది క్రొత్త కాదు. చూపులేనివానికి మరియొక మేలు. వ్రేలు ఏ మెట్టులో పడవలెనో కన్ను చెప్పనక్కరలేదు. స్వరము సరియైనదో కాదో చెవియే చెప్పును, తప్పిన రవంత జరిపిన చాలును.

విదేశపు వాద్యమును తన పాటకు తగినట్లు మార్చి శ్రుతి చేసికొనుట మన దేశమునకును తెలిసినదే. పాశ్చాత్యుల వయొలిన్ తీగెలను స, ప, స, ప అని మార్చి శ్రుతి చేసికొనిననే గదా అది కర్ణాటక సంగీతములో ఇమిడినది! పురుషోత్తమ చౌదరిగారి వంటి మన కీర్తనకారులు ఇక్కడి రాగములలో క్రీస్తును స్తుతించినప్పుడును జరిగినది అట్టిదే. అమెరికా దేశపు నల్లజాతి సంఘములలో గిటారునకు చెడ్డపేరు ఉండెను. అది మద్యపు కొట్లలోను నాట్యశాలలలోను మ్రోగునదని బాప్తిస్టు పెద్దలు కొందరు గుడిలోనికి రానిచ్చెడివారు కారు. చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ అను పెంతెకొస్తు సంఘమువారు మాత్రము వాద్యములను సంతోషముతో చేర్చుకొనిరి. జాన్సన్ మార్లిన్‌లో ఆ సంఘపు కూటములలో పాడెను. త్రాగుబోతుల పాటలకు మ్రోగిన శ్రుతియే అక్కడ ఆరాధనలో మ్రోగెను. తీగెకు పాపము లేదు.

1927లో కొలంబియా గ్రామఫోను కంపెనీవారు దక్షిణ రాష్ట్రములలోని గాయకులను వెదకుచు, తమ యంత్రములను డల్లాస్‌కు తెచ్చిరి. డిసెంబరు 3న జాన్సన్ ఒక్కనాడే ఆరు పాటలు పాడెను. మొదటి రికార్డు 1928 జనవరిలో వెలువడెను. మొదట 9,400 ప్రతులు, తరువాత మరి 6,000 ప్రతులు వేసిరి. అట్టి రికార్డులకు ఆ దినములలో ఇది చాల గొప్ప సంఖ్య. 1928 డిసెంబరులో డల్లాస్‌లోనే మరల పాడెను. 1929 డిసెంబరులో న్యూ ఆర్లీన్స్‌లో, 1930 ఏప్రిలులో అట్లాంటాలో పాడెను. అన్నియు కలిపి 30. ఆయన స్వరమున రెండు గొంతులు ఉండెను. ఒకటి సహజమైన మృదువైన గొంతు. రెండవది బొంగురు గొంతు, వీధి రొదను చీల్చి పోవునది. కొన్ని పాటలలో రెండును వినవచ్చును.

ఆయన పాటల వరుస చూచిన, వేదపాఠమువలె నుండును. పది కన్యకల దివిటీలు, మత్తయి 25. ఏడు ముద్రల గ్రంథము, ప్రకటన 5. 1912లో మునిగిన టైటానిక్ ఓడను గూర్చి ఒకటి, 1918లో లోకమును ఊడ్చిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరమును గూర్చి ఒకటి. తల్లిలేని పిల్లల కష్టమును గూర్చిన పాట ఆయన నోట వచ్చినప్పుడు అది ఎవరి కథయో చెప్పనక్కరలేదు. సమ్సోను పాటయు కలదు. న్యాయాధిపతులు 16లో కన్నులు ఊడదీయబడి, తిరగలి విసరి, స్తంభములు తడవి చూచుకొనిన సమ్సోనును గూర్చి ఒక గ్రుడ్డివాడు పాడుచున్నాడు. మనము ఆ అధ్యాయమును ఎన్నోమారులు చదివితిమి గాని, ఆ తడవుట యెట్టిదో ఆయనకు తెలిసినట్లు మనకు తెలియదు.

ఆ ఆరు పాటలలో ఒకటి నా మనస్సును విడువదు. వాక్యము చదువక ఆత్మను పోగొట్టుకొనిన తప్పు తనదే గాని మరెవరిదియు కాదని అందులో ఒప్పుకొనును. పాడువాడెవరు? ఒక్క అక్షరమునైనను కంటితో చూడలేనివాడు. చదువుటకు వీలులేనివాడు చదువనిది నా తప్పేయని పాడుచున్నాడు! తన కన్నులు కాల్చినవారిపై నెపము పెట్టలేదు, తనను వీధిలో నిలిపిన లోకముపై పెట్టలేదు. ఇది న్యాయమా యని అడుగవచ్చును. న్యాయము కాదు. దేవుడు ఆయనను ఆ లెక్క అడుగునని నేను నమ్మను. అయితే రెండు కన్నులు గలిగి, అల్మారాలో అట్టకు దుమ్ము పట్టిన బైబిలు గల ఇండ్లు మన సంఘములో ఎన్ని యున్నవో, ఆ పాట విన్నప్పుడు లెక్క పెట్టకుండ ఉండలేము.

ఆ పాటలోనే ఆయన వాద్య రహస్యము తెలియును. ఒక చరణము మొదలు పెట్టును; సగములో నోరు ఆపును; మిగిలిన మాటలను తీగె పలుకును. సన్న తీగెమీద జారుడు అచ్చముగా ఆయన గొంతువలెనే వణకుచు ఆ వాక్యమును ముగించును. క్రింద బొటనవ్రేలు లావు తీగెమీద అడుగు వేసినట్లు తాళము వేయుచుండును. గిటారు ప్రక్కవాద్యము కాదు. అది రెండవ గాయకుడు. కొన్నిచోట్ల ముఖ్యమైన మాటనే తీగెకు వదలివేయును. విను వారు ఆ మాటను మనస్సులో పలుకవలసినదే. తీగెలు ఆ శ్రుతిలో నిలువనియెడల ఇది కుదరదు. నోరు ఆగినప్పుడు క్రింద నిలుచుటకు నేల యొకటి ఉండవలెను. స, ప, స, గ, ప, స అను ఆ మేళము అట్టి నేల.

ఇప్పుడు గెత్సేమనే పాటకు వత్తము. దాని పేరు, రాత్రి చీకటిగాను నేల చల్లగాను ఉండెనను భావముగల ఒక పాత ఆంగ్ల కీర్తన మొదటి మాటలనుండి వచ్చినది. ఆ కీర్తనను వ్రాసినవాడు తామస్ హావెస్ అను ఇంగ్లండు బోధకుడు; అది 1792లో అచ్చయినది. ఈయన 1795లో స్థాపింపబడిన లండన్ మిషనెరీ సొసైటీ స్థాపకులలో ముఖ్యుడు. ఆ సొసైటీవారే 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అను మిషనెరీలను విశాఖపట్టణమునకు పంపిరి. వారు అక్కడ సువార్తలను తెలుగులోనికి మార్చు పనికి పూనుకొనిరి. ఈ విధముగా డల్లాస్‌లోని ఆ అంధునికిని మన తెలుగు సంఘమునకును ఒక పాత బంధుత్వము కలదు. ఆ బంధుత్వము మనలో చాలమందికి తెలియదు.

హావెస్ కీర్తనను నల్లజాతి సంఘములు తమ పద్ధతిలో పాడుకొనిరి. చదువు రానివారు ఎక్కువ గనుక పెద్ద యొకడు పంక్తిని చెప్పును. సంఘమంతయు దానిని దీర్ఘముగా సాగదీసి, మూలుగుచు తిరిగి పాడును. మన పల్లె సంఘములలో ఉపదేశిగారు చరణము చెప్పగా వెనుక అందరును అందుకొనుట పెద్దలకు జ్ఞాపకముండును. జాన్సన్ చేసినది ఏమనగా, పెద్దయొక్క పంక్తిని గిటారునకు ఇచ్చెను, సంఘపు మూలుగును తన గొంతునకు ఇచ్చెను. తీగె ఒక పలుకు పలుకును. ఆయన నోరు మూసికొని దానిని అనుసరించి మూలుగును, లేక ఆ ధ్వనిగా నిట్టూర్చును. తాళము కూడ నిలువదు. మాట ఒకటియు లేదు. ఇట్లు 3 నిమిషముల 20 సెకండ్ల సేపు జరుగును.

హావెస్ మాటలు చెడ్డవి కావు. జాన్సన్‌కు అవి రాకపోలేదు. తక్కిన పాటలలో అంత ధారాళముగా మాటలు పాడినవాడు ఈ పాటలో మాత్రము వాటిని విడిచిపెట్టెను. సువార్తలు తెరచి చూడుము. మత్తయి 26లో ప్రభువు మూడుమారులు ప్రార్థించెను. మూడవమారు క్రొత్త మాటలు లేవు, ముందటి మాటలే. లూకా 22లో ప్రార్థన మరింత ఆతురమైనకొలది మనకు కనబడునది మాటలు కాదు, నేలమీద పడు చెమట. శిష్యులు నిద్రపోయిరి గనుక ఆ రాత్రి అంతయు విన్నవాడు తండ్రి యొక్కడే. అక్కడ జరిగినదానిని మాటలలో పెట్టబోయిన ప్రతి కీర్తనయు కొంత దూరమున ఆగిపోవును. రోమా 8:26లో పౌలు ఏమి ప్రార్థింపవలెనో మనకు తెలియని వేళలను గూర్చి, ఉచ్చరింపరాని మూలుగులతో ఆత్మ మనపక్షముగా విజ్ఞాపన చేయుటను గూర్చి వ్రాసెను. ఆ వాక్యముమీద ప్రసంగములు విన్నాము. ఆ మూలుగు ఎట్లుండునో నేను విన్నది ఈ రికార్డులోనే.

మన సంఘములలో ప్రార్థన చేయుమనిన, మాటలు వచ్చినవారే లేచెదరు. మాటలు రానివారు, ముఖ్యముగా ఇంట చావు జరిగిన వారమున గుడికి వచ్చి వెనుక కూర్చున్నవారు, తాము ప్రార్థింపలేకపోతిమని కుములుదురు. 1 సమూయేలు 1లో హన్నా పెదవులు కదలెను గాని స్వరము వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమె త్రాగియున్నదనుకొనెను. ఏలీకి తోచని సంగతి యెహోవాకు తెలియును.

జాన్సన్ రికార్డులలో కొన్నిటియందు ఒక స్త్రీ స్వరము జంటగా వినబడును. ఆమె విల్లీ బి. హ్యారిస్, మార్లిన్‌లో ఆయనతో కాపురము చేసినది, ఆ సంఘపు కూటములలో ఆయనతో పాడినది. 1931లో వారికి ఒక కుమార్తె కలిగెను. అప్పటికి 1929లో పడిన ఆర్థిక సంక్షోభమువలన రికార్డులు కొనువారు లేకపోయిరి. 1930 తరువాత జాన్సన్‌ను ఏ కంపెనీయు పిలువలేదు. ఆయన మరల వీధులకు పోయెను. లేదు, వీధులను ఎన్నడును విడువలేదనుట సరి.

కడపటి సంవత్సరములు ఏంజెలైన్‌తో బోమాంట్ పట్టణములో గడచినవి. 1945వ సంవత్సరపు పట్టణ చిరునామాల పుస్తకములో, ఫారెస్ట్ వీధిలో 1440వ నంబరు ఇంట, ప్రార్థనా గృహము నడుపుచున్న రెవరెండు డబ్ల్యు. జె. జాన్సన్ అని ఆయన పేరు కలదు. అయిదేండ్లనాడు తండ్రితో చెప్పిన మాట నెరవేరినది. ఆ యింటికి నిప్పు అంటుకొనెను. పోవుటకు వేరు చోటు లేక, కాలిన యింటిలోనే, తడిసిన పరుపుమీద వార్తాపత్రికలు పరచుకొని పండుకొంటిమని ఏంజెలైన్ చెప్పినది. ఆయనకు జబ్బు చేసెను. ఆసుపత్రికి తీసికొనిపోగా, గ్రుడ్డివాడని చేర్చుకొనలేదని ఆమె చెప్పినది. 1945 సెప్టెంబరు 18న ఆయన ప్రభువునందు నిద్రించెను. మరణపత్రములో మలేరియా జ్వరమని వ్రాసిరి. వయస్సు 48. రాత్రి చీకటి, చల్లని నేల అను ఆ పాట పేరు ఇక్కడ జ్ఞాపకము రాకుండ ఉండదు. కాని ఆయన దానిని పాడి అప్పటికి పదునెనిమిదేండ్లు కావచ్చెను. రాబోవు దానిని ఎరిగి పాడెనని చెప్పుట కథలల్లుట యగును. అట్టి రాత్రులు ఆయనకు ముందునుండియు తెలియును, అంతియే.

1950ల మధ్యలో సామ్యూల్ చార్టర్స్ అను అన్వేషకుడు బోమాంట్‌లో ఏంజెలైన్‌ను కలిసికొని ఆయన కథ వ్రాసికొనెను. ఆయన లేకున్న మనకు ఈ కొద్ది వివరములును దక్కెడివి కావు. రికార్డులలోని స్త్రీ స్వరము ఏంజెలైన్‌దని ఆయన అప్పుడు ప్రచురించెను. ఆ స్వరము విల్లీ బి. హ్యారిస్‌దని తరువాత తేలినది. 1993లో మొత్తము 30 పాటలు రెండు డిస్కులుగా వెలువడినప్పుడు చార్టర్సే దానిని సరిదిద్దెను. దేవుని సన్నిధిని పాడినవారి పేర్లు మనుష్యుల పుస్తకములలో ఇట్లు తారుమారగుట మన పాత సంఘ చరిత్రలలోను కలదు. మన బైబిలు స్త్రీలలో ఎందరి పేర్లు మిగిలినవి?

1964లో మత్తయి సువార్తను చలనచిత్రముగా తీసిన ఇటలీవాడు పసోలినీ తన చిత్రములో ఈ మూలుగు పాటను చేర్చెను. 1977లో మరియొక విశేషము జరిగెను. అమెరికావారు వాయేజర్ అను రెండు వ్యోమనౌకలను గ్రహముల ఆవలికి పంపుచు, ఒక్కొక్క దానికి బంగారు పూత పూసిన రాగి రికార్డును అమర్చిరి. భూలోకపు సంగీతములో 27 ముక్కలు ఏరి దానిలో నిలిపిరి. బాఖ్, బేథోవెన్ కృతులు కలవు. మన దేశపు కేసర్‌బాయి కేర్కర్ గానము కలదు. వాటిమధ్య డల్లాస్‌లో ఆ డిసెంబరునాడు తీసిన గెత్సేమనే పాటయు కలదు. చీకటిని, దిక్కులేనితనమును తెలుపుటకు అంతకంటె తగిన పాట వారికి దొరకలేదు. అదే రికార్డులో 55 భాషలలో పలుకరింపులు కలవు. వాటిలో తెలుగు ఒకటి. రెండు నౌకలలో మొదటిది 2012లో సూర్యుని గాలి చెల్లు మేర దాటి పోయినది.

బోమాంట్‌లో ఆయనను బ్లాంచెట్ శ్మశానములో పాతిపెట్టిరి. అరువది సంవత్సరములకు పైగా అక్కడ ఆయన పేరుగల రాయి లేకుండెను. తరువాత ఆయనను ప్రేమించినవారు ఆ శ్మశానములో ఒక జ్ఞాపక శిల నిలిపిరి. 2010లో, ప్రార్థనా గృహమున్న ఫారెస్ట్ వీధి స్థలమున, టెక్సాస్ రాష్ట్ర చరిత్ర శాఖవారు ఆయన పేర ఒక ఫలకము పెట్టిరి. ఇప్పుడు అక్కడ ఒక బాప్తిస్టు దేవాలయము కలదు.